మూడో ‘ఎందుకు’

ఆదివారం మధ్యాహ్నం శ్రీహర్ష గ్యారేజీని మూడోసారి ఊడ్చాడు. ఊడవడానికి అక్కడేమీ మిగల్లేదు, మొదటిసారే అంతా అయిపోయింది. రెండోసారి ఊడుస్తుండగా భార్య శ్రీవిద్య తలుపు దగ్గర నిలబడి కాసేపు చూసి లోపలికి వెళ్లిపోయింది. పదిహేడేళ్ల కాపురంలో చీపురు పట్టుకున్న మొగుణ్ణి చూసి సంతోషించాలో భయపడాలో తెలియని పరిస్థితి ఆవిడకి ఇదే మొదలు.

అసలు సంగతి వంటగది బల్ల మీద, ల్యాప్‌టాప్‌లో తెరిచి ఉంది. రేపు పొద్దున పదింటికి మీటింగ్. అందులో అతను చదవాల్సిన రిపోర్ట్ అది. ఆఫీసులో దాన్ని ఆర్‌సీఏ అంటారు. ఏదైనా సిస్టమ్ కుప్పకూలితే ‘ఎందుకు’ అని వరసగా అయిదుసార్లు అడిగి, అయిదో జవాబు దగ్గర అసలు కారణాన్ని పట్టుకోవాలని పద్ధతి. ఇన్నేళ్ల ఉద్యోగంలో శ్రీహర్ష అలాంటివి నలభై దాకా రాశాడు. మూడో ఎందుకు దాటి నిజంగా ముందుకెళ్లినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నాలుగో ఎందుకులో సాధారణంగా పైవాళ్లు ఉంటారు.

అతని కంపెనీ జనం ఇళ్లకి మందులు పంపిస్తుంది. పోయిన వారం శనివారం పొద్దున, పాత ఆర్డర్లను తీసేయాల్సిన ఒక ప్రోగ్రాం కొత్త ఆర్డర్లను కూడా ఊడ్చిపారేసింది. ఎనిమిది వేల మందికి బీపీ మాత్రలు, ఇన్సులిన్ రెండు రోజులు ఆలస్యమయ్యాయి. అదృష్టం బాగుండి ఎవరి ప్రాణం మీదికీ రాలేదు. కానీ పైనుంచి అక్షింతలు పడ్డాయి, వాటికి ఎవరిదో ఒక తల కావాలి.

ఆ తల సాయి ప్రియది. నిజామాబాద్ అమ్మాయి, ఇరవై ఆరేళ్లు, శ్రీహర్ష లీడ్‌గా ఉన్న టీమ్‌లో కాంట్రాక్టర్. ప్రోగ్రాం నడిపింది ఆమే. మూడో ఎందుకు కింద శ్రీహర్ష రాసింది ఇది: ‘తేడా వస్తే వెనక్కి తిప్పే పద్ధతిని పరీక్షించకుండానే ఇంజనీర్ ప్రోగ్రాం నడిపారు.’ అక్కడితో ఆపేశాడు. మొన్న శుక్రవారం మేనేజర్ గ్రెగ్ చదివి, క్లీన్‌గా ఉందని మెచ్చుకున్నాడు. క్లీన్ అంటే ఏమిటో ఇద్దరికీ తెలుసు. నెలాఖరుకి సాయి ప్రియ కాంట్రాక్ట్ ముగిసిపోతుంది. మూడేళ్లుగా ప్రయత్నిస్తే ఈ మార్చిలోనే ఆమెకి ఇక్కడ ఉద్యోగం చేసుకోనిచ్చే హెచ్‌వన్‌బీ వీసా లాటరీలో పేరొచ్చింది. అక్టోబర్ ఒకటిన వీసా మొదలవ్వాలి. ఈ ఉద్యోగం పోతే ఆ వీసా గాల్లో దీపమే.

నాలుగో ఎందుకు మాత్రం శ్రీహర్షకి ఒక్కడికే తెలుసు.

ప్రోగ్రాం నడవడానికి ముందు రోజు, శుక్రవారం మధ్యాహ్నం, మూడు కుటుంబాలు కలిసి కొండల్లో క్యాబిన్‌కి బయల్దేరాయి. కారు నిండా పిల్లలు, రెండు రైస్ కుక్కర్లు, పులిహోర, క్యారమ్స్ బోర్డు. ఎలిజే అనే ఊళ్లో గ్యాస్ స్టేషన్ దగ్గర పెట్రోల్ కొట్టించుకుంటుంటే ఫోన్ మోగింది. టీమ్ చాట్‌లో సాయి ప్రియ మెసేజ్. ఫోన్ మీద మొదటి లైన్ మాత్రమే కనిపించింది: ‘అన్నా, రేపు ఆరింటికి ప్రోగ్రాం రెడీ.’ వెనక సీట్లో ఎవరో పులిహోర డబ్బా మూత తీశారు, ఎవరో అరిచారు, పంపు టక్కున ఆగింది. శ్రీహర్ష సరేనన్నట్టు థమ్స్ అప్ బొమ్మ పెట్టి ఫోన్ జేబులో పడేశాడు. ఆ టీమ్‌లో లీడ్ పెట్టే థమ్స్ అప్ అంటే సంతకంతో సమానం. అరగంటలో సిగ్నల్ పోయింది. రెండు రోజులు హాయిగా క్యారమ్స్ ఆడారు.

ఆదివారం సాయంత్రం తిరిగొస్తూ అదే గ్యాస్ స్టేషన్‌లో ఆగినప్పుడు ఫోన్‌కి ప్రాణమొచ్చింది. పదకొండు మిస్డ్ కాల్స్, అన్నీ సాయి ప్రియవే. శనివారం పొద్దున తప్పు జరుగుతోందని ఆమెకి మొదటి పది నిమిషాల్లోనే తెలిసింది. కానీ ఆరు రీజియన్లలో వరసగా నడిచేలా ప్రోగ్రాంకి టైమ్ పెట్టి ఉంది, దాన్ని మధ్యలో ఆపే అధికారం లీడ్‌కే ఉంది. లీడ్ కొండ మీద రాణి పడిందా లేదా చూసుకుంటున్నాడు. అప్పుడు శ్రీహర్ష మెసేజ్ మొత్తం తెరిచి చదివాడు. రెండో లైన్: ‘వెనక్కి తిప్పేది ఇంకా టెస్ట్ చెయ్యలేదు. నడపాలా, సోమవారం దాకా ఆగాలా?’

కింద అతని థమ్స్ అప్ ఉంది. దాన్ని ఇంకోసారి నొక్కితే పోతుంది. నొక్కాడు, పోయింది.

తర్వాత తనకి తాను బోలెడు చెప్పుకున్నాడు. తనూ వీసా మీద బతుకుతున్నవాడే. గ్రీన్‌కార్డ్ క్యూలో ఇది పన్నెండో ఏడు. చదవకుండా అనుమతిచ్చాడని తెలిస్తే ఉద్యోగం ఊడుతుంది, ఊడితే అరవై రోజుల్లో ఇంకోటి చూసుకోవాలి, లేకపోతే దేశం వదిలి వెళ్లాలి, ఇల్లూ, హైస్కూల్లో ఉన్న కూతురూ, అన్నీ రోడ్డు మీదికి వస్తాయి. ఇవన్నీ నిజాలే. వారం రోజులుగా ఈ నిజాలే తింటున్నాడు, ఒక్కటీ అరగడం లేదు. కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతున్నాడు.

“డాడీ, నువ్ బిజీనా?” అంటూ అనిక గ్యారేజీలోకి వచ్చింది. పదిహేనేళ్ల పిల్ల, చేతిలో కాగితాల కట్ట. “నువ్ జడ్జ్ ఉండు. నేను ప్రాక్టీస్ చెయ్యాలి.”

వాళ్ల హిస్టరీ క్లాస్‌లో రేపు ఉత్తుత్తి కోర్టు. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలవడానికి బాధ్యులెవరని విచారణ. చీట్లు తీస్తే అనికకి జర్మనీ తరఫు లాయర్ పని పడింది. ఆ చీటీ వచ్చినందుకు రెండు రోజులు అన్నం దగ్గర అలిగింది కూడా.

చీపురు వదలడానికి ఒక కారణం దొరికింది కదా అని శ్రీహర్ష ఐస్‌బాక్స్ మీద కూర్చున్నాడు. “మా ఆఫీసు పద్ధతిలో చేద్దాం. నేను ఎందుకు అని అడుగుతా, నువ్వు చెప్పు. యుద్ధం ఎందుకొచ్చింది?”

“ఆస్ట్రియా సెర్బియా మీద వార్ డిక్లేర్ చేసింది.”

“ఎందుకు?”

“సరయేవోలో ఆస్ట్రియా ప్రిన్స్‌ని, వాళ్ల వైఫ్‌ని షూట్ చేశారు. జూన్ ట్వెంటీ ఎయిత్. షూట్ చేసినవాళ్ల వెనక సెర్బియా ఉందని ఆస్ట్రియా అంది.”

“అది జూన్. యుద్ధం జూలై చివర్లో. నెల రోజులు ఎందుకు ఆగారు?”

“గుడ్ క్వెశ్చన్,” అంది అనిక, టీచర్ గొంతుతో. “ఆస్ట్రియాకి ఒక్కర్తే వెళ్లడానికి భయం. రష్యా వస్తుందని. జర్మనీ వెనక ఉంటుందా అని అడిగింది.”

మూడు ఎందుకులు అయిపోయాయి. అలవాటు ప్రకారం శ్రీహర్ష నోరు అక్కడ ఆగింది. అనికే ముందుకెళ్లింది. “జర్మనీ బ్లాంక్ చెక్ ఇచ్చింది డాడీ. జూలై ఫిఫ్త్. మీరు ఏం చేసినా మేము ఉంటాం అని. ఏం చేస్తారు, ఎప్పుడు చేస్తారు, వాళ్ల ఎంపరర్, కైజర్, ఏం అడగలేదు. నెక్స్ట్ డే షిప్ ఎక్కి వెకేషన్‌కి వెళ్లిపోయాడు. నార్వే. త్రీ వీక్స్.”

“వెకేషన్‌కా?”

“యా. అది నా కేస్‌కి చాలా బ్యాడ్.”

శ్రీహర్ష లేచి, ఊడ్చిన చోటే మళ్లీ ఊడవడం మొదలుపెట్టాడు. “తిరిగొచ్చాక ఏం చేశాడు?”

“తిరిగొచ్చి సెర్బియా రిప్లై చదివాడు. ఆస్ట్రియా అడిగినవి ఆల్మోస్ట్ అన్నీ ఓకే అన్నారు. ఇంక వార్‌కి రీజన్ లేదు అని పేపర్ మీద రాశాడు. బట్ సేమ్ డే ఆస్ట్రియా డిక్లేర్ చేసేసింది. తర్వాత ఆగస్ట్ ఫస్ట్ నాడు, ఆర్మీని ఫ్రాన్స్ వైపు కాదు, ఓన్లీ రష్యా వైపు పంపు అన్నాడు. జనరల్ కుదరదు అన్నాడు. ట్రెయిన్స్ అన్నీ ప్లాన్ చేసేశాం, ఇప్పుడు మారిస్తే అంతా మెస్ అయిపోతుంది అని.” కాగితం తిప్పింది. “మా టీచర్ ఏమంటుందంటే, టర్నింగ్ పాయింట్ అంటే పెద్ద బ్యాటిల్ కాదు. ఆపగలిగిన లాస్ట్ మినిట్. అది దాటాక అందరూ ఏం చెయ్యగలం అనే అంటారు.”

“వాళ్లు అనడం తప్పంటావా?”

“ఐ డోంట్ నో. నేను జర్మనీ లాయర్‌ని.”

లాయర్‌కి సలహా ఇవ్వడం తండ్రి ధర్మం. శ్రీహర్ష ఆ ధర్మాన్ని ఉత్సాహంగానే నెరవేర్చాడు. ఒక్క కైజర్ మీద ఎందుకు పడతారు అన్నాడు. రష్యా ముందు సైన్యాన్ని కదిపింది, ఆస్ట్రియా తొందరపడింది, ఫ్రాన్స్ రష్యాని ఎగదోసింది, ఇంగ్లండ్ ఏం చేస్తుందో చివరిదాకా తేల్చి చెప్పలేదు. ఒప్పందాలు అలా ఉన్నాయి, రైళ్ల టైమ్‌టేబుల్ అలా ఉంది. మనుషుల్ని వదిలెయ్, సిస్టమ్‌దే తప్పు అను, జ్యూరీ ఎవర్నీ పట్టుకోలేదు అన్నాడు. మాట్లాడుతుంటే అతనికే ముచ్చటేసింది. ఇంత బాగా చెప్పగలిగినవాడు రేపటి మీటింగ్ గురించి భయపడటం అనవసరం అనిపించింది.

అనిక అంతా రాసుకుంది. రాసుకుని పెన్ను బుగ్గకి ఆనించుకుని కూర్చుంది.

“కానీ డాడీ, ఒకటి ఉంది. వార్ స్టార్ట్ అయ్యాక ప్రతి కంట్రీ ఒక బుక్ ప్రింట్ చేసింది. వాళ్ల టెలిగ్రామ్స్, లెటర్స్ పెట్టి, మా తప్పు లేదు అని. జర్మనీది వైట్ బుక్, బ్రిటన్‌ది బ్లూ, రష్యాది ఆరెంజ్, ఫ్రాన్స్‌ది యెల్లో. తర్వాత హిస్టారియన్స్ చెక్ చేస్తే, వాటిల్లో కొన్ని టెలిగ్రామ్స్ లేవు. కొన్ని మార్చేశారు.”

“అయితే?”

“అంతా సిస్టమ్ తప్పు అయితే, వాళ్లు ఎందుకు తీసేశారు? తప్పు చేసినోళ్లే కదా తీసేది.”

శ్రీహర్ష చీపురు మూలకి ఆనించాడు. తనకి తెలియదని, ఆ పాయింట్ కోర్టులో ఎత్తకపోతే మంచిదని అన్నాడు. అనిక అతన్ని కొంచెం చిత్రంగా చూసింది. “నేను ఎత్తకపోయినా అవతల లాయర్ ఎత్తుతాడు కదా,” అని కాగితాలు సర్దుకుని లోపలికి వెళ్లింది.

అయిదు నిమిషాలు కాకుండానే సాయి ప్రియ ఫోన్ చేసింది. అతను పెరట్లోకి నడిచాడు.

“అన్నా, సండే నాడు డిస్టర్బ్ చేస్తున్న, సారీ. రేపు మీటింగ్‌ల నేనేం మాట్లాడాలె?”

“నువ్వేం మాట్లాడొద్దు ప్రియా. నేను చూసుకుంటా.”

“అన్నా, ఒక మాట అడుగుతా. ఆ శుక్రవారం నా మెసేజ్‌కి మీరు థమ్స్ అప్ పెట్టిండ్రని నాకు యాదికుంది. అది చూసినంకనే నడిపిన. కానీ చాట్‌ల చూస్తే లేదు. ఎన్నిసార్లు చూసిన్నో. నేనే ఊహించుకున్ననా? మా రూమ్మేట్ టెన్షన్‌ల అట్లయితది అంటున్నది. నాకేమో పిచ్చి లేస్తున్నదేమో అనిపిస్తున్నది. అసలు నిద్ర పడుతలేదు.”

చెప్పడానికి అదే సమయం. పెరట్లో ఎవరూ లేరు, గ్రెగ్ లేడు, రికార్డింగ్ లేదు. చెబితే ఆ పిల్ల మనసైనా కుదుటపడుతుంది. శ్రీహర్షకి ఇవన్నీ అప్పుడే తెలుసు, తర్వాత తట్టినవి కావు. అయినా నోట్లోంచి వచ్చిన మాట వేరు.

“టెన్షన్‌లో అలాగే అనిపిస్తుందమ్మా. నీళ్లు తాగి కాసేపు పడుకో,” అన్నాడు.

“సరే అన్నా. నాదే తప్పు గదా మరి,” అని ఆమె పెట్టేసింది.

అంత నీచమైన మాట తను ఎప్పుడూ అనలేదని శ్రీహర్షకి ఫోన్ జేబులో పెట్టుకునేలోపే తెలిసింది. కొత్తిమీర లేదని చెప్పి కారు తీశాడు. ఇండియన్ స్టోర్ దాకా వెళ్లి, లోపలికి వెళ్లకుండా పార్కింగ్‌లో చుట్టూ తిరిగి, వట్టి చేతులతో తిరిగొచ్చాడు. ఫ్రిజ్‌లో రెండు కట్టల కొత్తిమీర ఉంది. శ్రీవిద్య టీ పెట్టి, ఎదురుగా కూర్చుని, “ఇప్పుడు చెప్పు,” అంది.

చెప్పాడు. గ్యాస్ స్టేషన్, మెసేజ్, తీసేసిన థమ్స్ అప్, ఇందాకటి ఫోన్. టీ మీద మీగడ కట్టింది.

“చెబితే ఏమవుతుంది?” అంది శ్రీవిద్య చివరికి.

“ఉద్యోగం పోవచ్చు. పోతే మనకి ఎన్ని రోజులో నీకు తెలుసుగా.”

“చెప్పకపోతే ఆ అమ్మాయికి పోతుంది.”

“నేను చెప్పకపోయినా వాళ్లు ఆమెనే అంటారు విద్యా. బటన్ నొక్కింది ఆమే కదా.”

శ్రీవిద్య కప్పు పక్కకి జరిపింది. “చెప్పమని నేననను. అనికని స్కూల్ మార్పించి ఎక్కడికెళ్తామో నాకూ భయమే. చెప్పొద్దని కూడా అనను. కానీ నువ్వు చేసినదానికి నా సంతకం అడక్కు.”

సోమవారం పొద్దున అనికని స్కూల్ దగ్గర దింపాడు. కారు దిగుతూ, “డాడీ, బుక్స్ సంగతి నేనే ముందు చెప్పేస్తా. దాస్తే ఇంకా వరస్ట్‌గా కనిపిస్తుంది,” అంది. కేస్ ఓడిపోతావేమో అన్నాడు. ఓడిపోతే ఓడిపోతా అని భుజం ఎగరేసి వెళ్లిపోయింది. పదిహేనేళ్లకి ఓడిపోవడం అంత తేలిక.

మీటింగ్ గదిలో తొమ్మిది మంది ఉన్నారు. సాయి ప్రియ తన అపార్ట్‌మెంట్ నుంచి స్క్రీన్ మీద కనిపిస్తోంది, తెల్లగోడ ముందు, జుట్టు బిగించి దువ్వుకుని. రికార్డింగ్ ఎర్ర చుక్క వెలిగింది. శ్రీహర్ష మొదటి ఎందుకు చదివాడు. ఆర్డర్లు రద్దయ్యాయి, ఎందుకంటే ప్రోగ్రాం తప్పు జాబితా తీసుకుంది. రెండోది చదివాడు. మూడోది చదువుతుంటే స్క్రీన్ మీద సాయి ప్రియ తలదించుకుంది, అది అతనికి కనిపించింది.

“థాంక్యూ హర్షా. క్లియర్‌గా ఉంది,” అని గ్రెగ్ తర్వాతి పేజీకి వెళ్లబోయాడు.

“ఇంకోటుంది,” అన్నాడు శ్రీహర్ష. పక్కనే నీళ్ల బాటిల్ ఉన్నా అందుకోలేదు. అందుకుంటే మళ్లీ ఆగిపోతానని భయం. “ఆమె పరీక్షించకుండా ఎందుకు నడిపింది? పరీక్షించలేదని ముందే రాసి, ఆగమంటారా అని నన్ను అడిగింది. నేను మెసేజ్ చదవకుండా థమ్స్ అప్ పెట్టాను. అనుమతి నాది.”

గ్రెగ్ కళ్లజోడు సవరించుకున్నాడు. “చాట్ హిస్టరీ నేను చూశాను. అందులో అలాంటిదేమీ లేదు.”

“ఉండేది. అది జరిగిన మర్నాడు, ఆదివారం, నేను తీసేశాను.”

గదిలో అంతా వాళ్ల వాళ్ల ల్యాప్‌టాప్‌లు చూసుకోసాగారు. ఎవరో కుర్చీ వెనక్కి జరిపారు. “హర్షా, ఇది రికార్డవుతోంది,” అన్నాడు గ్రెగ్ నెమ్మదిగా. ఆ మాటలో కోపం కంటే జాలి ఎక్కువుంది. శ్రీహర్షకి అదే ఎక్కువ గుచ్చుకుంది.

“తెలుసు. నాలుగో ఎందుకు కింద అదే రాస్తున్నాను.”

రాశాడు. అందరూ చూస్తుండగా, పెద్ద స్క్రీన్ మీద, తన పేరుతో. రెండుసార్లు తప్పులు పడ్డాయి, రెండుసార్లూ దిద్దాడు. అయిదో ఎందుకు దాకా ఎవరూ వెళ్లలేదు. గ్రెగ్ మీటింగ్ ఆపేశాడు. సాయి ప్రియ కాంట్రాక్ట్ సంగతి ఇప్పట్లో తేల్చబోమని, ఈ రిపోర్ట్ మళ్లీ మొదటినుంచీ రాయాలని అన్నాడు. మధ్యాహ్నం రెండింటికి హెచ్‌ఆర్‌తో మీటింగ్ అని శ్రీహర్ష ఫోన్‌కి మెయిల్ వచ్చింది.

అతను మెట్లు దిగి పార్కింగ్‌లోకి వచ్చాడు. భయం వేసింది, చాలా భయం వేసింది. దాని కింద ఎక్కడో కొంచెం తేలిక కూడా ఉంది. ఈ ఉద్యోగం పోయినా కనీసం ఆ పిల్ల ముందు తలెత్తుకోగలనని అనుకున్నాడు. సరిగ్గా అప్పుడే ఆమె ఫోన్ వచ్చింది. థాంక్స్ చెబుతుందేమో, చెబితే వద్దనాలి అనుకుంటూ ఎత్తాడు.

“ఎప్పుడు తీసేసిండ్రన్నా?” అంది సాయి ప్రియ.

“ఆ ఆదివారమే. క్యాబిన్ నుంచి తిరిగొస్తూ దార్లో.”

“అంటే తెల్లారి సోమవారం నేను మీకు ఫోన్ చేసి ఏడ్చినప్పుడు, అప్పటికే తీసేసిండ్రు.”

“అవును.”

“నిన్న నాకు పిచ్చి లేస్తున్నదేమో అన్నప్పుడు కూడ మీకు తెలుసు.”

“తెలుసు ప్రియా. సారీ. నేను...”

“నిన్న మీతోని మాట్లాడినంక నేను డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకున్న అన్నా. లేనివి కనవడుతున్నయని ఫారంల రాసిన.” ఆమె గొంతు మామూలుగానే ఉంది, ఏడుపు లేదు. “గురువారం రమ్మన్నరు. ఇప్పుడు వాళ్లకి ఫోన్ చేసి, కనవడ్డది నిజమే అని చెప్పాలె.”

ఫోన్ పెట్టేసింది.